పేరు తర్వాత వచ్చే ప్రశ్న

(కొండ కింద కబుర్లు – 6)

జూన్ వచ్చిందంటే ఐటీడీఏ ఊళ్లలో ఫ్లెక్సీలు మారతాయి. పుట్టినరోజు ఫ్లెక్సీలు, పార్టీ ఫ్లెక్సీలు కొంచెం పక్కకు జరిగి గురుకులం పిల్లలకు చోటిస్తాయి. మధ్యలో పిల్లాడి పాస్‌పోర్టు ఫోటో చిన్నగా ఉంటుంది. చుట్టూ పెద్దల ఫోటోలు పెద్దగా ఉంటాయి. కింద ఎర్రటి అక్షరాల్లో "ఐఐటీ" అనో "ఎన్ఐటీ" అనో రాసి, ఆ పక్కన మనం ఎప్పుడూ చూడని ఊరి పేరు. సీతంపేటలోనూ ఇదే వరస. సవర పిల్లాడికో జాతాపు అమ్మాయికో అలాంటి సీటు వచ్చిందని తెలిస్తే నాకు ఆ రోజంతా పండగే. దాచుకోను. నేను ఆదివాసీని కాదు, పాలకొండ వైపు మాలపేట నుంచి వచ్చినవాడిని. అయినా ఆ ఫోటోలో ఉన్నది మన పిల్లాడే అనిపిస్తుంది.

కానీ మిత్రులారా, ఆ ఫ్లెక్సీ మీద రాసిన పేరు గురించి ఒక మాట మాట్లాడుకోవాలి. ఆ పేరు మన పిల్లలకూ వాళ్ల పిల్లలకూ ఒకే పని చేయదు.

మైదానంలో నాలుగు తరాల భూమి, రెండు తరాల చదువు ఉన్న ఇంట్లో ఆ పేరు పట్టాదారు పాసు పుస్తకం లాంటిది. తాకట్టు పెట్టుకోవచ్చు. పెళ్లిచూపుల్లో "అబ్బాయి ఐఐటీ" అంటే కట్నం లెక్క అక్కడే మారుతుంది. కంపెనీ పెడతానంటే పెట్టుబడి పెట్టేవాడు దొరుకుతాడు. టీవీలో కూర్చుని రిజర్వేషన్ల మీద, రైతుల మీద, రాజ్యాంగం మీద ఏం మాట్లాడినా "ఆయన ఐఐటీ అండీ" అని వింటారు. ఇంజనీరింగ్ చదివినవాడికి రాజ్యాంగం ఎంత తెలుసని ఎవరూ అడగరు. పేరు చెప్పగానే అక్కడికి మాట ముగుస్తుంది.

మన పిల్లాడు అదే పేరు చెబితే మాట అక్కడ మొదలవుతుంది. "ఓ, ఐఐటీయా? ర్యాంకెంత?"

ఈ ప్రశ్న అమాయకమైనది కాదని చదువుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పక్కర్లేదు. ర్యాంకు అడగడమంటే కులం అడగడమే. నోటితో కులం అడిగితే కేసవుతుందని తెలుసు కాబట్టి అంకె అడుగుతారు. ఇదేదో నా ఊహ అనుకునేవాళ్లకు ఐఐటీ బాంబే సంగతి చెబుతా. 2023 ఫిబ్రవరిలో అక్కడ దర్శన్ సోలంకి అనే దళిత విద్యార్థి, ఇంకా మొదటి సంవత్సరం కూడా పూర్తి కాని పిల్లాడు, చనిపోయాడు. కుల వివక్షే కారణమని కుటుంబం అంది. సంస్థ వేసుకున్న కమిటీ అందుకు సూటి ఆధారాలు లేవంది. కానీ అదే ఏడాది జులైలో ఆ సంస్థే విద్యార్థులకు మార్గదర్శకాలు ఇచ్చింది: తోటివాళ్లను జేఈఈ ర్యాంకు, గేట్ స్కోరు అడగడం తగదు, అది కులం తెలుసుకునే ప్రయత్నంగా కనిపించవచ్చు అని. అడగొద్దని కాగితం మీద రాయాల్సి వచ్చిందంటే అడుగుతున్నారనేగా.

పోనీ, చదువు ముగిసి సముద్రాలు దాటితే ఆ ప్రశ్న ఆగుతుందా? 2020 జూన్‌లో అమెరికాలో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. ఫిర్యాదుదారు దళిత ఇంజనీరు. ఐఐటీలో చదివినవాడు. అదే ఐఐటీలో చదివిన పైకులపు అధికారి "ఇతను రిజర్వేషన్‌లో సీటు తెచ్చుకున్నాడు" అని ఆఫీసులో తోటివాళ్లకు చెప్పాడన్నది ఆ కేసులోని ఆరోపణ. కంపెనీ కాదంది. 2023లో ఆ ఇద్దరు అధికారుల మీద వ్యక్తిగతంగా పెట్టిన కేసును ఆ శాఖే వెనక్కి తీసుకుంది, కంపెనీ మీద కేసు మాత్రం కొనసాగించింది. తీర్పు సంగతి కోర్టు చూసుకుంటుంది. నేను చూసేది ఆరోపణ ఆకారం. ఒకే కాలేజీ, ఒకే డిగ్రీ, ఒకే దేశానికి వలస. ఒకరికి ఆ పేరు కిరీటం. ఇంకొకరికి అదే పేరు, ఏ తలుపులోంచి లోపలికి వచ్చావో గుర్తు చేసే ముద్ర.

బాబాసాహెబ్ కథ మీకు తెలిసిందే, అయినా ఈ సందర్భంలో ఇంకోసారి తలుచుకోవాలి. కొలంబియా యూనివర్సిటీలో ఎంఏ, ఆ తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్. ఆ రోజుల్లో ఈ దేశంలో అంతకంటే పెద్ద కాలేజీ పేర్లు చెప్పగలిగినవాళ్లు ఎందరుంటారు? ఆ మనిషి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళితే ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పేరు మార్చుకుని ఉంటే, సంగతి తెలిసి కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. కొలంబియా పేరు ఆయనకు ఒక గది తలుపు తెరవలేకపోయింది. తర్వాత ఆయన ఏం చేశాడో కూడా చూడాలి. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో ఔరంగాబాద్‌లో మిలింద్ కాలేజీ తెరిచాడు. కొలంబియాలో మనవాళ్లకు నాలుగు సీట్లు ఇప్పించడంతో సరిపెట్టుకోలేదు. పగలు ఉద్యోగం చేసుకునే పేద పిల్లలు పొద్దున్నే వచ్చి చదువుకునే కాలేజీ పెట్టాడు.

ఇక ఈ పేర్లకు ఇంత గౌరవం ఎక్కడిది? ఖరగ్‌పూర్‌లో మొదటి ఐఐటీ వచ్చింది 1951లో. ఎస్సీ ఎస్టీ రిజర్వేషన్ అక్కడ మొదలైంది 1973లో. ఇరవై రెండేళ్లు. ఆ ఇరవై రెండేళ్లూ ప్రజల డబ్బుతో నడిచిన సంస్థల్లో ప్రజల్లో అధికభాగానికి చోటు లేదు. సరిగ్గా ఆ ఏళ్లలోనే "ఐఐటీ అంటే తెలివి" అనే పేరు తయారైంది. మనం గేటు లోపలికి వచ్చేసరికి ఆ తెలివికి ఒక మొహం, ఒక ఇంటిపేరు, ఒక ఇంగ్లీషు ఏర్పడిపోయాయి. మద్రాసు ఐఐటీ మీద అజంతా సుబ్రమణియన్ రాసిన "ద క్యాస్ట్ ఆఫ్ మెరిట్" అనే పుస్తకం 2019లో వచ్చింది. కులం ఆస్తి మెరిట్ పేరు పెట్టుకుని ఎలా తిరుగుతుందో ఆమె వివరంగా రాశారు. ఇంగ్లీషు బరువుగా ఉన్నా పట్టుబట్టి చదవండి, నలుగురు కూర్చుని చదవండి.

మన తెలుగు నేల మీద ఈ పేరు ఇంకో అవతారం ఎత్తింది. హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య గారు కోచింగ్ చెబితే "ఐఐటీ రామయ్య" అయ్యారు. తెలంగాణ సాయుధ పోరాటంలో నడిచిన మనిషికి కాలేజీ పేరు ఇంటిపేరైంది! ఆయన ఉద్దేశం మంచిదే, ఆయనంటే నాకు గౌరవం. ఆ తర్వాత అది ఫ్యాక్టరీ అయింది. నారాయణ, శ్రీచైతన్యల కాలం వచ్చింది. ఇప్పుడు ఆరో తరగతి పిల్లాడి పుస్తకం మీదే "ఐఐటీ ఫౌండేషన్" అని ఉంటుంది. ఊళ్లో కిరాణా కొట్టు పక్కన రెండు గదుల బడికి కూడా బోర్డు మీద "టెక్నో", "ఒలింపియాడ్" ఉండాలి. పేరు ముందు, చదువు తర్వాత.

ఇప్పుడు కొండ మీదికి వద్దాం. సవర భాష తెలుగుకు చెల్లెలు కాదు, మేనకోడలూ కాదు. అది ముండా కుటుంబపు భాష. సవర గూడలో పుట్టిన పిల్లకు ఒకటో తరగతిలో తెలుగే పరాయి భాష. హిందీ, ఇంగ్లీషు ఆ తర్వాతి కొండలు. 2004 ప్రాంతంలో ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారు చేయించింది, అందులో సవర ఒకటి. ఆ పనిని గట్టిగా పట్టుకుని ఉంటే ఈరోజు ఎంతమంది పిల్లలు ఐదో తరగతి దాకా భయం లేకుండా వచ్చేవారో! సవర భాష నేర్చుకుని, సవరల కోసం బళ్లు పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చు వేయించినవాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడి బడిపంతులు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసి దండలు వేస్తాం. ఆయన సవర పుస్తకాలను మాత్రం బీరువాలో ఉంచుతాం. మాట పక్కకు పోతోంది గానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

కోచింగ్ ఫ్యాక్టరీలో ఏడేళ్లు నలిగి వచ్చిన పిల్లాడూ, మూడో భాషలో ఫిజిక్స్ చదివిన సవర అమ్మాయీ ఒకే హాల్లో పరీక్ష రాస్తారు. అమ్మాయికి వాళ్ల కటాఫ్‌లో సగం మార్కులకు సీటు వస్తుంది. వెంటనే "సగం మార్కులకే" అంటారు. ఆమె ఎన్ని కొండలు దిగి వచ్చిందో కొలిచే టేపు ఎవరి దగ్గరుంది? ఇందులో ఇంకో మాట ఉంది. రోహిత్ వేముల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు జనరల్‌లో తెచ్చుకున్నాడు. "సగం మార్కులు" అనడానికి వీల్లేని విద్యార్థి. 2016 జనవరి 17న ఏం జరిగిందో మీకు తెలుసు. మార్కులు తక్కువని కాదు వాళ్ల బాధ.

సీతంపేట సంతలో మొన్న ఒక పెద్దాయన కనిపించాడు. అనాస పళ్లు కుప్పలు పోసుకుని కూర్చున్నాడు. ఆయన మనవడికి పెద్ద కాలేజీలో సీటు వచ్చిందని పక్కవాళ్లు చెప్పారు. నేను కూర్చుని అభినందించాను. ఆయన మొహంలో సంతోషం ఉంది, దాని వెనక ఒక లెక్క కూడా నడుస్తోంది.

"ఆ ఊరు ఇశాపట్నం కంటే దూరమేటి బాబూ?"

"దూరమే తాతా. రైల్లో రెండు రోజులు."

"అక్కడ సదివితే మేస్టరు ఉద్యోగం ఇస్తారా?"

పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు. ఐఐటీ చదివి మేస్టరు ఉద్యోగమేంటి తాతా అని. నాకు నవ్వు రాలేదు. ఆ పెద్దాయన తన జీవితంలో చూసిన చదువు ఫలం అదొక్కటే. తన భాష మాట్లాడే మనిషి, తన గూడ మనిషి, బళ్లో కుర్చీలో కూర్చోవడం. కొండ మీద గౌరవం అంటే "మేస్టరు" అనే పిలుపు. ఈ కొండల్లో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం కూడా మేస్టర్లుగానే వచ్చారు. 1970 జులైలో వాళ్లను చంపేదాకా ఏ కాలేజీలో చదివారని గూడల్లో ఎవరూ అడిగి ఉండరు. వాళ్ల దారితో మీకు ఎన్ని పేచీలైనా ఉండొచ్చు, నాకూ ఉన్నాయి. కానీ మనిషిని దేనితో కొలవాలో ఆ గూడలకు తెలుసు.

ఆ మేస్టరు ఉద్యోగం సంగతేమిటి? 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబర్ 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల బళ్లలో టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే. అంతకుముందు 1986లో వచ్చిన జీవోకు అది కొనసాగింపు. ఎందుకు తెచ్చారంటే, మైదానం నుంచి వేసిన మేస్టర్లు కొండెక్కరు కాబట్టి. ఎక్కినా భాష రాదు కాబట్టి. 2020 ఏప్రిల్ 22న, దేశమంతా లాక్‌డౌన్‌లో తలుపులు వేసుకుని ఉన్నప్పుడు, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను షరతులతో వదిలింది. ఆ తర్వాత వచ్చే పిల్లలకు దారి మూసింది.

చూడండి, ఒక్కడికి ఐఐటీ సీటు వస్తే జంక్షన్‌లో ఫ్లెక్సీ. వేలమంది డీఎడ్, బీఎడ్ చదివిన గిరిజన పిల్లల దారి మూసుకుపోతే ఏ ఫ్లెక్సీ మీదా ఏ నాయకుడి ఫోటో లేదు. డీఎడ్ చదివిన అమ్మాయి కాలేజీ పేరు ఎవరికీ తెలియదు కాబట్టి ఆమె నష్టం కూడా ఎవరికీ తెలియదు. పెద్ద కాలేజీ పేరుకు మనం ఇచ్చే గౌరవం ఇక్కడ ప్రభుత్వానికి బాగా పనికొస్తుంది. ఒక ఫోటో చూపించి వెయ్యి ఖాళీలు కప్పేస్తుంది.

మన సొంత ప్రాంతంలో వచ్చిన యూనివర్సిటీ సంగతి చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్‌లో ఆంధ్రప్రదేశ్‌కు ఐఐటీ, ఐఐఎం, ఎన్ఐటీ, గిరిజన విశ్వవిద్యాలయం, అన్నీ ఒకే జాబితాలో రాశారు. తిరుపతి ఐఐటీ, తాడేపల్లిగూడెం ఎన్ఐటీ, విశాఖ ఐఐఎం మూడూ 2015లోనే తరగతులు మొదలుపెట్టాయి. గిరిజన విశ్వవిద్యాలయానికి చట్టం రావడానికే 2019 అయింది. అది విజయనగరం దగ్గర కొండకరకంలో, ఆంధ్రా యూనివర్సిటీ పాత పీజీ క్యాంపస్‌లో మొదలైంది. సొంత క్యాంపస్‌కు శంకుస్థాపన 2023 ఆగస్టు 25న. ఒకే కాగితం మీద పక్కపక్కన రాసిన పేర్లలో ఏది ముందు లేచిందో, ఏది అద్దె గదిలో ఎదురు చూసిందో చూశారా? పేర్లలో కూడా కులాలుంటాయి.

ఆ యూనివర్సిటీలో చదివే ఒక చెల్లెలితో మాట్లాడుతూ ఎక్కడ చదువుతున్నావమ్మా అంటే "సెంట్రల్ యూనివర్సిటీ" అంది. ఏ సెంట్రల్ యూనివర్సిటీ అంటే "విజయనగరంలోదే అన్నా" అంది. "ట్రైబల్" అనే ముక్క నోట్లోంచి రాలేదు. ఆమెను నేను తప్పుపట్టను. ఆ ముక్క చెబితే బస్సులో పక్క సీటువాళ్ల మొహం ఎలా మారుతుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు. కానీ ఫ్లెక్సీ మీద ఐఐటీని అంత పెద్ద అక్షరాల్లో రాసే మనమే ఆ ముక్కను ఆమె నోట్లోంచి తీసేస్తున్నాం.

"అంటే ఐఐటీకి వెళ్లొద్దంటావా అన్నా?" అని మొన్న హాస్టల్ మీటింగ్‌లో ఒక తమ్ముడు అడిగాడు. వెళ్లు తమ్ముడూ. తప్పకుండా వెళ్లు. అది నీ తాతల పన్ను డబ్బుతో, నీ కొండల ఖనిజంతో కట్టిన కాలేజీ. ర్యాంకెంత అని అడిగితే ఎస్టీ ర్యాంకు ఇంత అని తలెత్తి చెప్పు, చెప్పాక వాళ్ల నాన్న ఏం చదివాడో నువ్వూ అడుగు. వెళ్లిన మొదటి వారంలోనే మనవాళ్లను వెతుక్కో. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 1993 నుంచి అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఉంది. మద్రాసు ఐఐటీలో అంబేద్కర్ పెరియార్ స్టడీ సర్కిల్‌ను 2015లో గుర్తింపు రద్దు చేస్తే దేశమంతా గొడవైంది, వారాల్లోనే తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. ఒంటరిగా గదిలో కూర్చుని ఆ పేరుకు తగినవాడినేనా అని నిన్ను నువ్వు ప్రశ్నించుకోకు.

నా గొడవ వెళ్లినవాళ్లతో కాదు, పంపించి చేతులు దులుపుకునేవాళ్లతో. ఫ్లెక్సీ జులైలో వానకు చిరుగుతుంది. ఆ తర్వాత నాలుగేళ్లు ఆ పిల్లాడి సంగతి ఎవరికి పట్టింది? 2015లో రూర్కీ ఐఐటీ మొదటి సంవత్సరం పిల్లల్ని డెబ్భై మందికి పైగా సీజీపీఏ తక్కువని ఒకేసారి బయటకు పంపింది. వాళ్లలో ఎక్కువమంది రిజర్వేషన్ వర్గాల పిల్లలు. గొడవయ్యాక మళ్లీ అవకాశం ఇచ్చారు. 2024లో ఉత్తరప్రదేశ్ దళిత కూలీ కొడుకు ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చి 17,500 రూపాయలు గడువులోగా కట్టలేక సీటు పోగొట్టుకున్నాడు. ఊరి జనం చందాలేసి తెచ్చిన డబ్బు అది. సుప్రీంకోర్టు దాకా వెళితే సెప్టెంబర్ 30న సీటు ఇమ్మని తీర్పు వచ్చింది. అందరూ సుప్రీంకోర్టు దాకా వెళ్లగలరా? కొండ మీద సిగ్నల్ లేని గూడలో ఉన్న పిల్లాడికి ఫీజు గడువు ఈరోజు సాయంత్రం ఐదుకు అని ఎవరు చెబుతారు?

అందుకే ఈసారి ఫ్లెక్సీ దగ్గర సెల్ఫీలతో ఆగకూడదని ఇక్కడి విద్యార్థులు కొందరు, నేను కూర్చుని అనుకున్నాం. ఐటీడీఏకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాశాం. గత పదేళ్లలో సీతంపేట ఐటీడీఏ పరిధి నుంచి ఐఐటీ, ఎన్ఐటీ, మెడికల్ కాలేజీల్లో చేరినవాళ్లు ఎంతమంది? వాళ్లలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లు ఎంతమంది? మధ్యలో తిరిగి వచ్చినవాళ్లు ఎందరు, వాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు? చేరిన పిల్లలకు మొదటి ఫీజు, రైలు చార్జీ, ల్యాప్‌టాప్ ఏ పద్దు కింద, ఎన్నో రోజున ఇచ్చారు? వాళ్లతో మాట్లాడటానికి ఒక్క ఉద్యోగినైనా నియమించారా? జీవో 3 పోయాక ఈ మండలాల బళ్లలో సవర, జాతాపు టీచర్లు ఎంతమంది మిగిలారు, ఎన్ని పోస్టులు ఖాళీ? సవర వాచకాలు ఇప్పుడు ఎన్ని బళ్లలో వాడుతున్నారు?

దరఖాస్తు ఫీజు పది రూపాయలు. జవాబుకు గడువు ముప్పై రోజులు. వచ్చే సంత రోజు పొద్దున్న పదింటికి ఐటీడీఏ ఆఫీసు గేటు దగ్గర కలుద్దాం. డీఎడ్ చదివి ఖాళీగా ఉన్న అక్కలు, అన్నలు కూడా రండి. మీ సర్టిఫికెట్ మీద కాలేజీ పేరు ఎవరికీ తెలియనిదైనా సరే, జిరాక్స్ ఒకటి పట్టుకుని రండి. రాలేనివాళ్లు సొంతంగా రాసి మీ ఐటీడీఏలో వేయండి. పాడేరు, పార్వతీపురం, రంపచోడవరం, ఎక్కడైనా ఇవే ప్రశ్నలు సరిపోతాయి. జవాబులు వచ్చాక ఏడో భాగంలో మాట్లాడుకుందాం.

జై భీమ్.